మంచి ఉత్తరము పోకుండ చెత్త ఉత్తరమును ఏరుట

(టెల్కో కాలనీలో తెలుగు ఉద్యోగుల కుటుంబములయెదుట చేసిన ప్రసంగ పాఠము)



పాటలకును, పద్యములకును, నాటకమునకును ఏర్పడిన ఈ సభలో మెయిల్ సర్వరును గూర్చియు, దానియందు అమర్చు చెత్త ఉత్తరముల వడపోతను గూర్చియు మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. పెండ్లి విందులో ఇనుప గుగ్గిళ్లు వడ్డించినట్లగునేమో యని నేను సంకోచించితిని. "మా యింటికి రావలసిన ఉత్తరములు ఎందుకు రావో చెప్పుడు, అంతకంటె మాకు కావలసినది ఏమున్నది?" అని వారు నా సంకోచమును తీర్చినారు. కావున నిపుణులకొఱకు గాక, ఉత్తరమునకై ఎదురుచూచు కుటుంబములకొఱకు మాటలాడుచున్నాను. మీలో సర్వరులను చూచుకొను యువకులును కొందఱున్నారు గనుక వారికి పనికివచ్చు సంగతులనుగూడ విడువను.

ఉత్తరమునకై ఎదురుచూచుట ఈ ఊరి తెలుగువారికి క్రొత్త కాదు. మన పెద్దలు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఉక్కు కర్మాగారములో పనికై ఇచ్చటికి వచ్చినవారు. 1945లో టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ ఏర్పడిన పిమ్మట ఈ ప్రాంతమునకు టెల్కో యను పేరు వచ్చినది. ఆ కంపెనీ 2003లో టాటా మోటార్స్ అయినను మన నోట ఇది నేటికిని టెల్కోయే. 1950 నవంబరు 26న ప్రారంభమైన జాతీయ లోహ పరిశోధనశాలయు, రైల్వే తపాలా శాఖలును మఱికొన్ని తెలుగు కుటుంబములను ఇచ్చటికి తెచ్చినవి. ఆ రోజులలో ఊరినుండి వచ్చు కార్డుముక్కయే వీరికి పుట్టినింటి పలుకు.

ఆ కార్డు చేతులు మారి మారి వచ్చెడిది. రైలు తపాలా బండిలో సార్టరు దానిని చూచి సంచిలో వేయవలెను. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చిన పిమ్మట 5తో మొదలగునవి దక్షిణమునకు, 8తో మొదలగునవి మనవైపునకు అని ఏరుట సులువైనది. సార్టరు పొరపాటున వేఱొక సంచిలో వేసినను, ఆ ఊరి తపాలావాడు ముద్రవేసి త్రిప్పి పంపెడివాడు. ఉత్తరము ఆలస్యమగును, కాని సాధారణముగా పోదు. పైగా ఏ ఊరెల్ల తిరిగి వచ్చినదో ముద్రలే చెప్పును.

నేటి ఈ-మెయిలునకును ఒక సార్టరు కలడు. వాడే చెత్త వడపోత. వాడు లక్ష ఉత్తరములనైనను అలసట లేక చూచును. కాని వాడు పొరపాటు చేసినప్పుడు పంపినవానికి తెలియదు, అందుకొనవలసినవానికిని తెలియదు. ఈ నిశ్శబ్దమే నేడు నేను మీకు చెప్పదలచిన విషయము.

చెత్త ఉత్తరముల చరిత్రను రెండు మాటలలో ముగించెదను. కంప్యూటరు వలల తొలినాళ్లలోనే, 1975 నవంబరులో, జాన్ పోస్టెల్ అను శాస్త్రజ్ఞుడు అక్కఱలేని ఉత్తరములను నిరాకరించు సాధనము కంప్యూటరునకు లేకపోవుట సమస్య కాగలదని ఒక చిన్న పత్రము వ్రాసి హెచ్చరించినాడు. 1978 మే 3న అమెరికాలో గ్యారీ థ్యూర్క్ అను కంప్యూటరు వ్యాపారి తమ యంత్రముల ప్రదర్శనకు రమ్మని సుమారు నాలుగువందల మందికి ఒకేమాఱు ఉత్తరము పంపినాడు. దానినే తొలి స్పామ్ అందురు. స్పామ్ అనునది 1937నుండి అమెరికాలో అమ్ముచుండిన డబ్బా మాంసము పేరు. 1970లో ఒక ఆంగ్ల హాస్య బృందము ఏది అడిగినను అదే వడ్డించు హోటలును టెలివిజనులో చూపగా, ఆ పేరు పిమ్మట అడుగని ఉత్తరములకు అంటుకొన్నది.

ఇక వడపోత ఎట్లు పనిచేయునో చూతము. కేంద్ర ప్రభుత్వ కార్యాలయముల ఉత్తరములకు ప్రభుత్వమువారి ప్రత్యేక వ్యవస్థ కలదు; దానిని మనము తాకము. నేను చెప్పునది చిన్న సంస్థలు, పాఠశాలలు, సంఘములు తమకై తాము నడపుకొను మెయిల్ సర్వరును గూర్చి. అట్టి చోట్ల ఉత్తరమును పుచ్చుకొను పని పోస్ట్‌ఫిక్స్ వంటి ప్రోగ్రాము చేయును. దీనిని వీట్సే వెనెమా రచింపగా 1998లో లోకమునకు ఉచితముగా విడుదల అయినది. పుచ్చుకొన్న ఉత్తరమును పెట్టెలో వేయుటకు ముందు అది పరీక్షకునికి అందించును. ఆ పరీక్షకులలో పేరుపొందినది స్పామ్‌అసాసిన్. జస్టిన్ మేసన్ దీనిని 2001 ఏప్రిల్‌లో వెలువరించెను. 2004లో అపాచీ సంస్థ ప్రాజెక్టులలో చేరినది.

స్పామ్‌అసాసిన్ ఒక్క లక్షణమును చూచి తీర్పు చెప్పదు. అది మార్కులు వేయు ఉపాధ్యాయుని వంటిది. అయితే ఇచ్చట ఎక్కువ మార్కులు వచ్చిన వాడే తప్పినవాడు. పంపినవాని చిరునామా అనుమానాస్పదమైనచో కొన్ని మార్కులు, లోపలి లింకు చెడ్డపేరు గలదైనచో మఱికొన్ని. మంచి లక్షణమున్నచో మార్కులు తగ్గును. మొత్తము 5 అయినచో చెత్త యని ముద్ర వేయును. ఈ 5 అనునది మొదటినుండి అమర్చియుండు హద్దు, అవసరమైనచో మార్చుకొనవచ్చును.

ఇందు ప్రతి పరీక్షా విధానమునకును ఒక్కొక్క ప్లగిన్ కలదు. ప్లగిన్ అనగా అతుకుడు పరికరము: కావలసినచో తగిలింపవచ్చును, వలదన్నచో తీసివేయవచ్చును. ముఖ్యమైనవి నాలుగు తెగలు. మొదటిది పంపినవాని గుర్తింపును పరీక్షించునది. ఎస్‌పిఎఫ్, డికిమ్ అను పద్ధతులచే ఉత్తరము నిజముగా ఆ సంస్థ సర్వరునుండియే వచ్చినదా యని చూచును. రెండవది నల్లపట్టికలను అడుగునది. ఈ చిరునామా, ఈ లింకు చెడ్డవారి పట్టికలో నున్నవా యని డిఎన్‌ఎస్ ద్వారా ప్రశ్నించి, క్షణములో జవాబు పొందును. మూడవది రేజర్, పైజర్ వంటివి. ఇదే ఉత్తరమును లోకములో ఇతరులు చెత్త యని ఫిర్యాదు చేసిరా యని విచారించును. నాలుగవది బేస్ ప్లగిన్. ఇది చదివి నేర్చుకొనునది. దీనిని గూర్చి కొంత ఎక్కువగా చెప్పవలెను; నా కథ దీనితోడనే ముడిపడియున్నది.

థామస్ బేస్ 18వ శతాబ్దమున నుండిన ఆంగ్ల మతబోధకుడు. ఆయన మరణానంతరము, 1763లో వెలువడిన గణిత వ్యాసము, చూచిన సాక్ష్యములనుబట్టి చూడని కారణమును ఎంతవఱకు ఊహింపవచ్చునో చెప్పినది. 2002లో పాల్ గ్రాహమ్ వ్రాసిన వ్యాసముతో ఈ గణితమును చెత్త ఉత్తరములపై ప్రయోగించుట ప్రసిద్ధికెక్కినది. మనము కొన్ని మంచి ఉత్తరములను, కొన్ని చెత్త ఉత్తరములను దానికి చూపుదుము. ఏ మాట ఏ గుంపులో ఎన్నిమాఱులు వచ్చినదో అది లెక్కవ్రాసికొనును. క్రొత్త ఉత్తరము వచ్చినప్పుడు అందలి మాటలను ఆ లెక్కతో సరిచూచి, ఇది నూటికి ఎన్నిపాళ్లు చెత్త కాగలదో చెప్పును. కనీసము 200 మంచివి, 200 చెత్తవి చూపినగాని స్పామ్‌అసాసిన్‌లోని బేస్ నోరు విప్పదు. విప్పినపిమ్మట దాని మాటకు విలువ ఎక్కువ: నూటికి 99 పాళ్లు చెత్త యని అది తలచినచో, సాధారణపు అమరికలో 3.5 మార్కులు ఒక్కసారిగా పడును. హద్దు అయిదే యని మఱువకుడు.

ఇప్పుడు నా కథ. నేను చూచుకొనుచుండిన ఒక చిన్న సర్వరులో సుమారు నలువది మందికి పెట్టెలుండెను. వచ్చు ఉత్తరములలో అధికభాగము ఇంగ్లీషు, తరువాత హిందీ. తెలుగు మిక్కిలి తక్కువ. ప్లగిన్లన్నియు తగిలించితిని, బేస్‌కు పాఠము చెప్పితిని. చెత్త యని ముద్రపడినవి వేఱు అఱలో చేరునట్లును, ఏడు దినముల పిమ్మట తమంతట తామే చెరిగిపోవునట్లును ఏర్పాటు చేసితిని. పెట్టెలు శుభ్రమైనవి. అందఱును మెచ్చుకొనిరి. నేనును మెచ్చుకొంటిని.

మా మిత్రుడొకరికి శ్రీకాకుళము జిల్లాలో తమ్ముడు కలడు. అన్నదమ్ముల నడుమ అప్పటికే పొలము విషయమై కొంత యెడము. ఫోనులో మాటలు తక్కువ. గట్టు కొలుచుటకు ఫలాని దినమున సర్వేయరు వచ్చునని నోటీసు రాగా, తమ్ముడు దానిని స్కాను చేయించి, "అన్నయ్యా, నీవు దగ్గఱనుండవలెను" అని తెలుగులో ఉత్తరము వ్రాసి పంపినాడు. అన్నకు అది అందలేదు. కొలత జరిగిపోయినది. "కబురు పంపినను రాలేదు" అని తమ్ముడు, "నాకు చెప్పకయే కొలిపించినాడు" అని అన్న. పండుగకు రాకపోకలు నిలిచినవి. ఇట్లు నాలుగు నెలలు గడచినవి.

ఒక బంధువు మధ్యవర్తియై వచ్చి తమ్ముడు ఉత్తరము పంపిన తేదీ చెప్పగా, మిత్రుడు నావద్దకు వచ్చినాడు. "అట్టి ఉత్తరము రాలేదని నీవు వ్రాసి యిమ్ము" అని అడిగినాడు. నేను ధైర్యముగా లాగ్ ఫైలు విప్పితిని. లాగ్ ఫైలనగా సర్వరు తన పనులను పంక్తి పంక్తిగా వ్రాసికొను దినచర్య పుస్తకము. దానిని నెలలతరబడి దాచు అలవాటు అదృష్టవశమున నాకుండెను. ఉత్తరము వచ్చినది. తేదీ, వేళ, పంపినవాని చిరునామా అన్నియు సరిపోయినవి. మార్కులు 5.3. ముద్ర: చెత్త. అఱలో ఏడు దినములుండి చెరిగిపోయినది. తప్పు తమ్మునిది కాదు, అన్నది కాదు, నాది.

ఆ 5.3 ఎట్లు వచ్చెను? స్పామ్‌అసాసిన్ ఏ పరీక్షకు ఎంత వేసినదో పేరుపేరున వ్రాయును. ఉత్తరమున్నచో దాని హెడరు అను శిరోభాగములోనే ఆ పట్టిక కనబడును. వడపోత చెడినదని తోచినపుడు మొట్టమొదట చదువవలసినది అదియే. దానిని చదువక అమరికలు మార్చుట నాడి చూడక మందిచ్చుట వంటిది. నా లాగ్ ఫైలులో బేస్ అంచనాకు 3.5, దానిమీద మఱొక 0.2, కూర్పులోని చిన్న చిన్న లోపములకు 1.6 కనబడినవి. అనగా బేస్ ఒక్కటి నోరుమూసికొనియున్నచో ఆ ఉత్తరము హాయిగా ఇల్లు చేరియుండును.

తమ్ముడు అన్నకు వ్రాసికొన్న ఉత్తరములో బేస్‌కు నూటికి 99 పాళ్లు చెత్త ఎచ్చట కనబడెను? నేను చెప్పిన పాఠమును తిరుగవేసి చూచితిని. మంచివి యని చూపినవన్నియు ఇంగ్లీషు హిందీ ఉత్తరములు. చెత్త యని చూపినవానిలో ఇండ్లస్థలముల ప్రకటనలు, నగల దుకాణముల ప్రకటనలు, అప్పులిత్తుమను ప్రకటనలు తెలుగులో వచ్చినవి చాల నుండెను. మంచి తెలుగు ఉత్తరమును దానికి ఒక్కటియు చూపియుండలేదు. కనుక అది నేర్చుకొన్న దేమి? తెలుగు కనబడినచో చెత్త యని! అన్నయ్య, పొలము, గట్టు అను మాటలను అది నిందింపలేదు. మన భాషనే నేరముగా పట్టుకొన్నది.

ఇందులో మఱొక సూక్ష్మము కలదు. యూనికోడు పద్ధతిలో తెలుగునకు 128 స్థానములు గల యొక గది కలదు. ఉత్తరములో పంపునపుడు ప్రతి తెలుగు సంకేతమును మూడు బైట్లుగా వ్రాయుదురు. ఆ మూడింటిలో మొదటి రెండు బైట్ల జంట తెలుగంతటికిని రెండే విధములు. పాత స్పామ్‌అసాసిన్‌లో బేస్ పదునైదు బైట్లకు మించిన ఇట్టి పదమును, అనగా అయిదు సంకేతములు దాటిన తెలుగు మాటను, పదముగా చూడక రెండేసి బైట్ల ముక్కలుగా కోసెడిది. అట్లు కోసిన ముక్కలు పెండ్లిపిలుపులోను, ప్రకటనలోను, అన్నకు వ్రాసిన జాబులోను అవియే తిరిగితిరిగి వచ్చును. బియ్యమును, మట్టిబెడ్డను కలిపి పిండి విసరి, ఆ పిండిలో ఇది బియ్యము, ఇది మట్టి యని చెప్పుమన్నట్లున్నది! 2022 డిసెంబరులో వెలువడిన 4.0వ కూర్పులో ఇంగ్లీషుగాని భాషల అక్షరములను చూచు పద్ధతిని చాలవఱకు సరిదిద్దినారు. పాతకూర్పుతో నడపుచున్నవారు మార్చుకొనుటకు ఇది యొక్కటి చాలిన కారణము. అయినను కూర్పు క్రొత్తదైనంతమాత్రమున పాఠము సరికాదు. పాఠము మనమే చెప్పవలెను.

నేను చేసిన చికిత్సను వరుసగా చెప్పెదను. మొదట, తమంతట తామే చెరిగిపోవు ఏర్పాటును తీసివేసితిని. రెండవది, బేస్ కోశమును తుడిచివేసి క్రొత్తగా మొదలిడితిని. మూడవది, తెలుగు కుటుంబములను ఒప్పించి, వారి సమ్మతితో పెండ్లిపిలుపులు, క్షేమసమాచారములు, సంఘ ప్రకటనలు, గుడి ఉత్సవముల ఆహ్వానములు మంచివి యని చూపితిని. చెత్తనుగూడ మూడు భాషలలోనిది చూపితిని. నాలుగవది, బేస్ మార్కును కొంతకాలము తగ్గించి, అది ఒంటరిగా నొక ఉత్తరమును ముంపకుండ జాగ్రత్తపడితిని. తరువాత వారమునకు రెండుమాఱులు చెత్త అఱను స్వయముగా చూచుట నియమముగా పెట్టుకొంటిని.

పాఠము చెప్పుటలో నొక చిక్కును యువకులు గుర్తింపవలెను. పాఠము చెప్పు ఆజ్ఞను నిర్వాహకుని పేర, అనగా రూట్ పేర నడపినచో లెక్క ఆతని కోశములో చేరును. పరీక్ష చేయు సేవ వేఱొక పేర నడచుచున్నచో అది తన కోశమునే చూచును, అందేమియు నుండదు. వేయి ఉత్తరములు చూపినను బేస్ పలుకదేమని తల గోకికొనువారిలో పలువురి చిక్కు ఇదియే. ఇద్దఱికిని ఒకే కోశమును చూపినచో తీరిపోవును.

మఱికొన్ని చిక్కులను త్వరగా చెప్పెదను. ప్లగిన్ తగిలించినను పనిచేయనిచో దానికి కావలసిన పెర్ల్ భాషా భాగము యంత్రములో లేకపోవచ్చును. అమరికల ఫైలులో నొక అక్షరము తప్పినను అంతే. స్పామ్‌అసాసిన్ ఆజ్ఞకు లింట్ అను మాట చేర్చి నడపినచో అమరికల తప్పులను చెప్పును. డీబగ్ అమరికతో నడపినచో ఏ ప్లగిన్ లేచినది, ఏది లేవలేదు అని పూసగ్రుచ్చినట్లు వ్రాయును. అన్నియు సరిచేసి సేవను తిరిగి ప్రారంభింపక, ఏమియు మారలేదని విసుగుకొనువారును కలరు. స్పామ్‌సి ద్వారా పంపునపుడు 500 కిలోబైట్లు మించిన ఉత్తరమును అది సాధారణముగా పరీక్షింపకయే వదలునని కూడ ఎఱుగవలెను. వడపోత మేలుకొనియున్నదా యని చూచుటకు జిట్యూబ్ అను పరీక్షా వాక్యము కలదు. అది యున్న ఉత్తరమునకు వేయి మార్కులు పడును. అదియు చెత్తగా పట్టుబడనిచో ఉత్తరములు పరీక్షకుని యొద్దకే చేరుట లేదని అర్థము.

నల్లపట్టికల ప్లగినును గూర్చి మాత్రము కొంత నిలువవలెను. ఆ పట్టికల యజమానులు చిన్న సర్వరులకు ఉచితముగా జవాబిత్తురు. మితిమీరి అడుగువారిని నిరోధింతురు. మన సర్వరు పలువురు వాడు బహిరంగ డిఎన్‌ఎస్ ద్వారా అడిగినచో అందఱి ప్రశ్నలు మన ప్రశ్నలతో కలిసి లెక్కకు వచ్చి, మనకును జవాబు నిలిచిపోవును. హెడరులో యూఆర్ఐబిఎల్ బ్లాక్డ్ అను మాట కనబడినచో కారణమిదియే. అన్‌బౌండ్ వంటి ప్రోగ్రామును మన సర్వరులోనే నిలిపి, మన ప్రశ్నలను మనమే అడుగుట దీనికి మందు.

పట్టిక చచ్చిపోయినచో జరుగు ప్రమాదము ఇంతకంటె పెద్దది. ఓఆర్‌డిబి అను ప్రసిద్ధమైన పట్టిక 2006 డిసెంబరులో మూతపడినది. పలువురు నిర్వాహకులు తమ అమరికలనుండి దాని పేరును తొలగింపలేదు. 2008 మార్చి 25న ఆ పేర అడిగిన ప్రతి ప్రశ్నకును "వీడు చెడ్డవాడే" యని జవాబు రాసాగినది. దానినే నమ్ముకొన్న సర్వరులు మంచి చెడ్డ తేడా లేక ఉత్తరములను త్రిప్పికొట్టినవి.

స్పామ్‌అసాసిన్‌లోనే 2010 జనవరి 1న మఱొక వింత జరిగినది. తేదీ చాల ముందునాటిదిగా నున్న ఉత్తరమును అనుమానింపుమను నిబంధన అందుండెను. దానిని వ్రాసిననాడు 2010 మొదలు పై సంవత్సరములన్నియు సుదూర భవిష్యత్తుగా తోచినవి. ఆ సంవత్సరము రానే వచ్చినది. నిబంధన మాత్రము అట్లే యున్నది. క్రొత్త సంవత్సరపు శుభాకాంక్షలన్నిటికిని పలు సర్వరులలో మూడు మార్కులకు పైగా పడినవి! వెంటనే దిద్దుబాటు వెలువడినది. నిబంధనలను తాజాపఱచు ఆజ్ఞను నడపినవారు బయటపడిరి. జల్లెడ కొన్ననాటిదే చాలునని ఊరకుండరాదనుటకు ఈ రెండు కథలును సాక్ష్యములు.

తెలుగువారు ముఖ్యముగా చూచుకొనవలసిన ప్లగిన్ మఱొకటి కలదు: టెక్స్ట్‌క్యాట్. ఇది ఉత్తరము ఏ భాషలో నున్నదో ఊహించును. మనము ఒప్పుకొన్న భాషల పట్టికలో లేని భాష యైనచో మార్కులు వేయును. "మా కార్యాలయమునకు ఇంగ్లీషు, హిందీ చాలును" అని ఎవరో యొకరు అమర్చి పోవుదురు. పిమ్మట ఆ సర్వరుపై ఆధారపడిన తెలుగు, ఒడియా, బెంగాలీ కుటుంబముల ఉత్తరములకు ముప్పు కలుగవచ్చును. ఈ జమ్‌షెడ్‌పూరు పలుభాషలవారు కలసి కట్టుకొన్న ఊరు. ఇచ్చటి సర్వరునకు అట్టి అమరిక తగదు. ఈ ప్లగినును తగిలించుటకు ముందు, అది గుర్తింపగల భాషలలో తెలుగున్నదా యని చూచికొనవలెను. లేనిచో దానిని తగిలింపకుండుటయే మేలు.

"తెలిసినవారి పేర్లు స్వాగత పట్టికలో చేర్చినచో గొడవ తీరదా?" అని మీరడుగవచ్చును. 4.0వ కూర్పునుండి వెల్కమ్‌లిస్ట్ అను పేర అట్టి పట్టిక కలదు. కాని పంపినవాని పేరు కవరుమీద ఎవరైనను వ్రాయవచ్చును. మీ తమ్ముని పేర మోసగాడు వ్రాసినచో తలుపు వానికిని తెరచికొనును. అందుచేత ఎస్‌పిఎఫ్, డికిమ్ పరీక్షలలో నెగ్గిన ఉత్తరమునకే స్వాగతము వర్తించునట్లు అమర్చు విధానమును వాడవలెను. మనము పంపు ఉత్తరములకును ఇదే ధర్మము. 2024 ఫిబ్రవరినుండి గూగుల్, యాహూ సంస్థలు పంపువారినుండి ఇట్టి గుర్తింపులను గట్టిగా కోరుచున్నవి. మన సంఘము తన సర్వరునుండి ఉగాది ఆహ్వానము పంపునప్పుడు ఈ ముద్రలు లేనిచో ఇతరుల జల్లెడలో మనమే చెత్త కాగలము.

ఇప్పుడు ఇంటివారికి రెండు మనవులు. మొదటిది: వారమునకొకమాఱు చెత్త అఱను తెరచి చూడుడు. బియ్యము చెరిగిన ఇల్లాలు చాటలోని నూకలను పాఱవేయుటకు ముందు ఒక్కమాఱు వ్రేళ్లతో కదిపి చూచును గదా! అంతే శ్రమ. మంచి ఉత్తరము కనబడినచో దానిని ఊరక చదివి విడువక, "ఇది చెత్త కాదు" అని గుర్తుపెట్టుడు. ఆ గుర్తును పాఠముగా చేర్చు ఏర్పాటున్న సర్వరునకు మీరు చెప్పు తెలుగు పాఠము అదియే. రెండవది: మీరే చందాకట్టి తెప్పించుకొనుచున్న ప్రకటనలు విసుగు కలిగించినచో చందా మానుకొనుడు; వానిని చెత్త యని గుర్తుపెట్టకుడు. ఒకరి విసుగు అందఱి కోశములోను చేరి, మఱొకరికి కావలసిన ఉత్తరమును మ్రింగవచ్చును. ఇక మీకు తెలియని వారు బ్యాంకు పేర, పింఛను పేర వ్రాసి లింకు నొక్కుమన్నచో మాత్రము, అది మంచి అఱలోనికి వచ్చినను నమ్మకుడు. వడపోత విడిచినంతమాత్రమున ఉత్తరము పవిత్రము కాదు.

సర్వరు చూచుకొను యువకులకు ఒక్క మాట. పది చెత్త ఉత్తరములు పెట్టెలోనికి వచ్చినచో పదిమంది మిమ్ము నిందింతురు. అవి కంటికి కనబడును గనుక. ఒక్క మంచి ఉత్తరము పోయినచో ఎవరును నిందింపరు; పోయినదని ఎవరికిని తెలియదు గనుక. నిందకు వెఱచి హద్దును అయిదునుండి మూడునకు దింపుదమను కోరిక కలుగును. నాకును కలిగినది. ఆ వేళ నిందింపలేని ఆ ఒక్క ఉత్తరమును తలచుకొనుడు. చెత్త యని ముద్ర వేయుట యంత్రము పని కావచ్చును. చెరిపివేయుట మాత్రము దానికి అప్పగింపకుడు.

నా మిత్రుని సంగతి చెప్పి విరమించెదను. లాగ్ ఫైలులోని ఆ పంక్తిని కాగితముమీద అచ్చువేసి, క్రింద తెలుగులో దాని అర్థము వ్రాసి, "ఈ ఉత్తరము వచ్చినది, నా యేర్పాటు వలన మీ అన్నగారికి చేరలేదు" అని సంతకము చేసి యిచ్చితిని. ఆయన దానిని కవరులో పెట్టి తమ్మునికి తపాలాలోనే పంపినాడు. పది దినములకు తమ్ముడు ఫోను చేసినాడు. గట్టు తగవు పూర్తిగా తీరినదో లేదో నేనడుగలేదు. ఆ యేడు సంక్రాంతికి మాత్రము అన్నగారు కుటుంబముతో టాటానగర్ స్టేషనులో రైలెక్కుట చూచితిని.